పై మెట్టు మీద అమ్మ

పోయిన వారం ప్రశ్నల అత్తను పిల్లల వసతిగృహం గేటు దగ్గర నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఎండలోనే ఉంది. ఇక లోపలికి తీసుకువెళదాం.

నడుస్తూ నడుస్తూ కొత్తవాళ్ళకు నాలుగు ముక్కలు. ప్రశ్నల అత్త ఉద్యోగం విశ్వవిద్యాలయంలో. ఊళ్ళు తగలబడి, ఇళ్ళు వదిలి, సరిహద్దు దాటి వచ్చిన పిల్లలు బడిలో ఎందుకు నిలుస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు అన్నది ఆమె పరిశోధన. ఏడాదిగా ఈ వసతిగృహానికి వస్తూ పోతూ ఉంది. "రాత్రి నిద్ర పట్టిందా? కల వచ్చిందా? లెక్కలు ఇష్టమా? బడిలో ఎవరి పక్కన కూర్చుంటావు?" అని ఒకటే అడగడం. పిల్లలు ఊరుకుంటారా, పేరు పెట్టేశారు. ఆమెకూ ఆ పేరు లోలోపల నచ్చింది.

ఆ పిల్లల్లో అక్కాచెల్లెళ్ళు ఇద్దరున్నారు. పెద్దదాన్ని వసతిగృహమంతా పెద్దక్క అంటుంది. వచ్చే నెలలో పద్దెనిమిది నిండుతాయి. చిన్నది రెండో తరగతి. మనిషి జానెడు, నోరు బారెడు. దాన్ని అందరూ బుడంకాయ అంటారు. పద్దెనిమిది నిండగానే చెల్లెలి బాధ్యత అక్క చేతికి వస్తుంది, ఇద్దరికీ వేరే గది ఇస్తారు. అదే రక్తసంబంధం లేని పిల్లనైతే ఎవరి చేతికీ ఇవ్వరు, ఎక్కడో దూరాన ఉన్న అనాథల నిలయానికి పంపేస్తారు. పెద్దక్క ఆ గది కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. కిటికీకి కర్టెను కూడా కుట్టి పెట్టుకుంది, కిటికీ ఎంత ఉంటుందో తెలియకుండానే.

ఇంతలో ఈ బొమ్మ వచ్చిపడింది. ప్రశ్నల అత్త ఒకనాడు పిల్లలకు కాగితాలిచ్చి "మీ ఇల్లు గీయండి" అంది. పరిశోధనలో పిల్లల పేర్లు బయటికి రాకూడదు కదా, అందుకని కాగితం మూల ఒక్కొక్కరికి ఒక్కో స్టిక్కరు. బుడంకాయది ఆకుపచ్చ చేప. ఆ చేప ఉన్న కాగితం మీద ఒక చిన్న ఇల్లు, ఇంటి బయటి గోడ వెంట పైకి ఎక్కే మెట్లు. మేడ మాత్రం లేదు. మెట్లు ఊరికే గాలిలో ఆగిపోయాయి. చివరి మెట్టు మీద ఒక ఆడమనిషి వీపు మనవైపు పెట్టి కూర్చుని ఉంది. ఆ బొమ్మ ప్రశ్నల అత్త నివేదిక అట్ట మీదికెక్కింది. తర్వాత దాన్నే పెద్దది చేసి, కింద "ప్రతి బిడ్డకూ బడి" అని రాసి ఆసుపత్రుల గోడలకు అంటించారు. ఎక్కడో ఒక ఆసుపత్రిలో మందుల వరుసలో నిలబడ్డ తల్లి ఒకామె ఆ గోడ దగ్గర కూలబడిపోయింది. "ఇవి మా మెట్లు. ఆ కూర్చున్నది నేను. నా ఒక్కగానొక్క కూతురు ఎక్కడుంది?" అని ఆసుపత్రి అంతా వినబడేలా ఏడ్చింది.

ఆసుపత్రివాళ్ళు వాకబు చేసి దారి చెబితే, ఆ తల్లి ఈ ఉదయం బస్సు దిగి వచ్చేసింది. వార్డెనమ్మ గదిలో కూర్చుంది.

ప్రశ్నల అత్త వెళ్ళేసరికి ఆ గది తలుపు ఓరగా వేసి ఉంది. బయట వార్డెనమ్మ కాపలా కాస్తోంది.

"మంచినీళ్ళిస్తే ముట్టలేదు. ఫ్యాను వేస్తే వద్దంది. కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని ఆ రోడ్డే చూస్తోంది," అంది గుసగుసగా. వార్డెనమ్మ గుసగుస అంటే రెండు గదుల అవతలికి మాత్రమే వినబడుతుంది. "సంక్షేమం ఆఫీసరు గారు బయల్దేరారట. ఆయన వచ్చేదాకా ఆవిడను ఏమీ అడగొద్దు, ఏమీ చెప్పొద్దు. రూలు."

"తెలుసు. ఆ రూలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను," అంది ప్రశ్నల అత్త.

మంచి రూలే, కాదనను. పిల్ల వయసెంత, పోలికలేమిటి అని మనమే నోరు జారితే దారిన పోయే వాళ్ళెవరైనా వచ్చి "మా పిల్లే" అనగలరు. కాబట్టి వచ్చిన మనిషి మొదట ఆఫీసరు ముందే నోరు విప్పాలి. కాకపోతే ఆ రూలు పుణ్యాన, కూతురి వయసెంత అని ఆ తల్లిని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆకుపచ్చ చేప బుడంకాయది కాబట్టి వచ్చింది బుడంకాయ తల్లి అని అందరూ అనేసుకున్నారు.

ప్రశ్నల అత్తకు గుచ్చుకుంటున్న ముల్లు వేరే. ఒక్కగానొక్క కూతురేమిటి? ఇక్కడ ఇద్దరున్నారే!

తలుపు సందులోంచి ఒకసారి తొంగిచూసింది. వీపే కనిపించింది. సన్నటి మనిషి. జడ మొదటినుంచీ గుడ్డపేలిక కలిపి అల్లి, చివర ముడి కనబడకుండా లోపలికి దోపుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మెడ కొంచెం ముందుకు చాచి రోడ్డు వంక చూస్తోంది. అట్ట మీది బొమ్మ దిగివచ్చి కుర్చీలో కూర్చున్నట్టే ఉంది.

"మరి పెద్దదానికి ఎవరు చెబుతారు?" అంది వార్డెనమ్మ. "నేనైతే చెప్పను. నాకసలే బీపీ."

"నేను చెబుతాను," అంది ప్రశ్నల అత్త. తల్లికి చెప్పకూడదన్నారు గాని అక్కకు చెప్పకూడదని రూల్లో లేదని తనకు తానే సర్దిచెప్పుకుంది. చదువుకున్నవాళ్ళకు ఈ సౌకర్యం ఒకటి ఉంటుంది.

ఉతుకుల గది వెనకవైపు. ఆ భవనం ఒకప్పుడు గోదాము. అప్పటి ఇనుప గొలుసులు ఇంకా పైకప్పు నుంచి వేలాడుతూనే ఉన్నాయి. వాటి కింద సిమెంటు తొట్లు, ఈ గోడనుంచి ఆ గోడకు తీగలు, తీగల నిండా పిల్లల మేజోళ్ళు, గౌన్లు. నేల ఎప్పుడూ తడే. పెద్దక్క చీలమండల దాకా నీళ్ళలో నిలబడి దుప్పటి జాడిస్తోంది.

"వచ్చారా అత్తా! చేతులు ఖాళీయేగా, ఆ కొస పట్టుకోండి. దుప్పటి ఒక్కదాన్నే పిండలేక చస్తున్నాను."

ప్రశ్నల అత్త చేతిసంచి మేకుకు తగిలించి, కొస పట్టుకుంది.

"మీరు కుడికి తిప్పండి. నేనూ కుడికే తిప్పుతాను."

"ఇద్దరం కుడికే తిప్పితే ఎలా?"

"ఎదురెదురుగా ఉన్నాం కదండీ. నా కుడి మీకు ఎడమ. ఇంత చదివారు, ఎప్పుడూ దుప్పటి పిండలేదా?"

తిప్పారు. నీళ్ళు బొళబొళమని కారాయి. బుడంకాయ ఏదని అడిగింది ప్రశ్నల అత్త.

"కూడికల క్లాసులో ఉంది. టీచరు గారికి కూడికలు నేర్పుతోంది." పెద్దక్క నవ్వింది. తర్వాత అవతలి ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఏంటత్తా? ఏమీ అడగడం లేదు మీరు. మీరు అడక్కపోతే నాకు భయమేస్తుంది."

"అమ్మాయ్, బుడంకాయ వాళ్ళమ్మ బతికే ఉంది. వచ్చింది. వార్డెనమ్మ గదిలో ఉంది."

"మీ అమ్మ" అనలేదు చూశారా? కావాలనే అనలేదు. పెద్దక్క చేతిలోని కొస జారిపోయింది. పిండిన దుప్పటి పిండినట్టే తడినేల మీద పడింది. ఆ పిల్ల దాన్ని తియ్యనూ లేదు, "బుడంకాయ అమ్మేమిటి, మా అమ్మ కదా" అననూ లేదు. ఆ రెండో మాట కోసమే ప్రశ్నల అత్త ఎదురుచూసింది. రాలేదు.

"వస్తుందని తెలుసు," అంది పెద్దక్క. "ఎప్పుడో ఒకరోజు వస్తుందని తెలుసు. తిట్టిందా? నన్ను తిట్టిందా?"

"నిన్నెందుకు తిడుతుంది?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇన్నేళ్ళూ ఆ భయంతోనే పెదవి విప్పని పిల్ల, బోర్లించిన తొట్టి మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"మా ఊరు తగలబడిన రోజు అందరం వంతెన దగ్గరికి పరిగెత్తాం. అక్కడ లారీలున్నాయి. అమ్మ చెయ్యి ఎక్కడ జారిందో తెలీదు. వెనక్కి చూస్తే జనం. పసిపిల్లలున్నవాళ్ళు ముందు ఎక్కండి, ఒంటరివాళ్ళు ఆగండి అని అరుస్తున్నారు. నేను ఒంటరిదాన్నే. నా పక్కన ఇది నిలబడి ఏడుస్తోంది. ఇంత ఉంది అప్పుడు. నా గౌను పట్టుకుంది. లారీ దగ్గరున్నతను 'నీ చెల్లెలా?' అన్నాడు. అవునన్నాను."

"భయపడి అన్నావు. నువ్వూ చిన్నపిల్లవే కదమ్మా."

"కాదత్తా." పెద్దక్క తల అడ్డంగా ఊపింది. "సీటు కోసం అన్నాను. ఎత్తుకుని ఎక్కేశాను. లారీ కదిలాక వెనకాల ఒకామె అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. అందరూ అరుస్తున్నారు, ఆమె ఎవరి కోసం అరుస్తోందో నాకేం తెలుసు? కానీ నేను తల తిప్పలేదు. తిప్పి చూస్తే దిగాల్సి వస్తుందని తిప్పలేదు."

తీగ మీది మేజోళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"దిగాక వదిలేద్దామనే అనుకున్నా. ఆకలేస్తోందంది. పెట్టాక నిద్రొస్తోందంది. లేచాక అక్కా అంది. ఇంకేముంది?" పెద్దక్క ముంజేత్తో ముక్కు తుడుచుకుంది. "మీరు రోజూ వచ్చి అడుగుతారు కదా, 'చెల్లెలంటే ఇంత ప్రేమేంటే నీకు' అని. ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు ఆ లారీయే గుర్తొచ్చేది."

నిజం చెప్పాలంటే ప్రశ్నల అత్తకు ఆ పిల్ల మీద జాలి తర్వాతే వచ్చింది. ముందు గుర్తొచ్చింది తన నివేదికే. తోబుట్టువు తోడున్న పిల్లలు బడి మానరని ఎంత గట్టిగా రాసిందని! దానికి చూపిన ముఖ్యమైన సాక్ష్యం ఈ ఇద్దరే. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇప్పుడు అట్ట మీది బొమ్మ వచ్చి లోపలి పేజీలను మింగేసింది. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

"పదండి, అప్పజెప్పేస్తాను," పెద్దక్క లేచింది. "ఆమె కొట్టినా పడతాను. ఇంతకీ ఎలా కనుక్కుందట?"

"'నా ఒక్కగానొక్క కూతురు ఎక్కడుంది' అని ఏడ్చిందట, ఆసుపత్రి గోడ మీద బుడంకాయ గీసిన బొమ్మ చూసి."

"బుడంకాయ గీసిందా! దానికి గీత తిన్నగా రాదే."

ప్రశ్నల అత్త సంచిలోంచి చుట్టచుట్టిన పోస్టరు తీసి, ఇస్త్రీ బల్ల మీద పరిచింది. వసతిగృహానికి పంపిన నివేదికలన్నీ వార్డెనమ్మ భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేసింది కాబట్టి, అచ్చయిన బొమ్మను పెద్దక్క చూడడం అదే మొదటిసారి.

పెద్దక్క వంగి చూసింది. చూస్తూ ఉండిపోయింది. తడివేలు మెట్ల మీద పెట్టి, ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కించి, చివరి మెట్టు దగ్గర ఆపింది.

"అత్తా, ఇది అది గీసింది కాదు."

"ఆకుపచ్చ చేప ఉందిగా..."

"చేప దానిదే. ఇల్లు నాది."

"నువ్వు... పిల్లలకు ఎవరూ సాయం చేయకూడదని చెప్పాను కదే!"

"చెప్పారు. చెప్పి ఫోను మాట్లాడ్డానికి బయటికి వెళ్ళారు. ఇదేమో ఒకటే ఏడుపు. ఇల్లంటే ఏంటో నాకు తెలీదు, ఏం గీయను అని. ఖాళీ కాగితమిస్తే ప్రశ్నల అత్తకు కోపమొస్తుందని. అందుకని నేను గీసిచ్చాను."

ఆ ఫోను ప్రశ్నల అత్తకు గుర్తుంది. అత్తగారి ఫోను. కుక్కరు రబ్బరు ఎక్కడ పెట్టావని. ఎంత జాగ్రత్తగా రూళ్ళు రాసుకున్న పరిశోధన అయినా అత్తగారి ఫోనుకు రూలు రాయగలదా? ఇల్లంటే ఏమిటో తెలియదని పిల్ల చెప్పిన ఆ ఒక్క మాట విని ఉంటే చాలు, వంద బొమ్మల పెట్టు. వినలేదు. పైపెచ్చు ఈ బొమ్మ మీద రెండు పేజీలు రాసింది. గాలిలో ఆగిన మెట్లు ఆగిపోయిన భవిష్యత్తుకు చిహ్నమట. ముఖం లేని తల్లి చెరిగిపోయిన జ్ఞాపకమట.

"మరి ఈ మెట్లు?" అని నీరసంగా అడిగింది.

"మా నాన్న కట్టాడు. ఎవరైనా ముందు మేడ కట్టి తర్వాత మెట్లు కడతారు. మా నాన్న ముందు మెట్లు కట్టేశాడు, మేడ ఎలాగూ కడతాం కదా అని. ఊరంతా నవ్వింది." పెద్దక్క కూడా నవ్వబోయింది. "ఈమె మా అమ్మ. సాయంత్రం పూట పై మెట్టు మీద కూర్చుని నాన్న కోసం రోడ్డు చూసేది. ముఖం గీయడం నాకు రాదు. అందుకే అటు తిప్పేశాను."

అని, అప్పుడు ఆగింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పైకి అనాల్సిన మాటను ముందు ఎవరంటారా అన్నట్టు.

"బతికే ఉందా?" అంది పెద్దక్క. "అత్తా, బతికే ఉందా? జుట్టు నెరిసిందా? ఎలా ఉంది?"

"నేను వీపే చూశానమ్మా."

"వీపేనా!" అంటూ కింద కూర్చుండిపోయి, పడి ఉన్న తడిదుప్పటి కొస నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే లేచి తలుపు వైపు పరిగెత్తింది. తడినేల మీద జారి, గోడ పట్టుకుని, గడప దాకా వెళ్ళింది. గడప దగ్గర తీగ మీద ఆరేసిన బుడంకాయ గౌను ఆమె ముఖానికి తగిలింది. చేత్తో తప్పించుకోబోయి, దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

ప్రశ్నల అత్త వెనకాలే వచ్చింది. "వెళ్ళవే! ఏం చూస్తున్నావు?"

"నేను వెళ్ళి అమ్మా అని మీద పడితే, మరి చిన్నది ఎవరు అంటారు."

"చెబుదాం. ఉన్నది ఉన్నట్టు చెబుదాం. ఆఫీసరు మంచివాడు."

"అందరూ మంచివాళ్ళే అత్తా. ఆ లారీ అతనూ మంచివాడే." పెద్దక్క గొంతు తగ్గించింది. "ఒక్కతే కూతురని అమ్మ చెప్పేసింది. నేను దానికేమీ కానని తేలితే రేపే దాన్ని తీసుకెళ్ళిపోతారు. నాకు అమ్మ దొరుకుతుంది. దానికి? దాని అమ్మను పోగొట్టింది నేనే కదా."

"మీ అమ్మను చూడకుండా ఉండగలవా నువ్వు?"

ఆ ప్రశ్నకు జవాబు రాకముందే బయట జీపు ఆగిన చప్పుడైంది. వెంటనే వరండాలో చెప్పులు టపటపలాడాయి. బుడంకాయ ఊడిపోయిన జడతో ఊడిపడింది.

"అక్కా! నాకోసం ఎవరో వచ్చారంట! వార్డెనమ్మ ఎవరికీ చెప్పొద్దని ఆయమ్మకు చెబుతుంటే మా క్లాసంతా విన్నాం! ఎవరే? బొమ్మలు తెచ్చారా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే. ఇలా రా, ఏం జుట్టది?"

పెద్దక్క దాని ముఖం కడిగింది. తన లంగా అంచుతో చెవుల వెనక దాకా తుడిచింది. గోడకున్న దువ్వెన తీసి జడ విప్పి, మొదటినుంచీ రిబ్బను కలిపి అల్లుకుంటూ వచ్చి, చివర ముడిని లోపలికి దోపింది. ప్రశ్నల అత్త ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. ఇందాకే ఒక తలుపు సందులోంచి అచ్చం అలాంటి జడనే చూసింది.

"నొప్పే! లాగకే!"

"ఊరుకో. చూడు, లోపల ఎవరైనా దగ్గరికి తీసుకుంటే గింజుకోకు. సరేనా?"

"నన్నెవరు ఎత్తుకుంటారు? నేను పెద్దదాన్ని."

"ఆహా, గొప్ప పెద్దదానివి." పెద్దక్క దాని నెత్తి మీద ముద్దు పెట్టుకుని, అలాగే కాసేపు ఉండిపోయింది. తర్వాత ప్రశ్నల అత్తతో మెల్లగా అంది. "అత్తా, మిమ్మల్ని ఎవరైనా అడిగితేనే చెప్పండి. అడక్కపోతే చెప్పకండి. అంతే నేను కోరేది."

నిజం తానే చెప్పుకుంటుందనుకుంది ప్రశ్నల అత్త. సరేనని తలూపింది.

వార్డెనమ్మ గదిలో ఆఫీసరు బల్లకు ఇవతల కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అలసిపోయిన మనిషి. ఆయన రోజూ చేసే పని పిల్లలను కలపడం, విడదీయడం. రెండూ ఒకే ముఖంతో చేయడం అలవాటైపోయింది. ఆ తల్లి ఇంకా కిటికీ వైపే తిరిగి కూర్చుని ఉంది.

"అమ్మా," అన్నాడాయన, "ఒక్కతే కూతురని చెప్పారు. ఇక్కడ ఇద్దరు పిల్లలున్నారు. తొందరేమీ లేదు. మీ అమ్మాయి ఎవరో చూసి చెప్పండి."

ఆమె లేచి ఇటు తిరిగింది.

బొమ్మలో లేని ముఖం అప్పటికి కనిపించింది. బుగ్గలు పీక్కుపోయి, నుదుటి మీద ఒక కాలిన మచ్చ. ఆ కళ్ళు బుడంకాయ మీద క్షణం కూడా ఆగలేదు. సరాసరి పెద్దక్క దగ్గరికి వెళ్ళి అక్కడే అతుక్కుపోయాయి. పిల్ల పొడుగైంది, ముఖం మారింది. మారితే మాత్రం, పేగు తెంచుకు పుట్టినదాన్ని ఏ తల్లి పోల్చుకోదు? నోరు తెరిచింది. గొంతు ఇంకా రాలేదు.

వచ్చేలోపే పెద్దక్క బుడంకాయ భుజాలు రెండూ పట్టుకుని ముందుకు తోసింది.

"అదిగోనే మీ అమ్మ. వెళ్ళు."

ప్రశ్నల అత్త చప్పున పెద్దక్క వైపు తిరిగింది.

"దీనికీ నాకూ ఏ సంబంధమూ లేదండీ," అని ఆఫీసరుతో చెబుతోంది పెద్దక్క. గొంతు కాస్తయినా వణకలేదు. "దారిలో దొరికితే తెచ్చుకున్నాను. చెల్లెలని మీకు అబద్ధం చెప్పాను. వాళ్ళమ్మ వచ్చేసింది కదా, ఇచ్చేస్తున్నాను." అలా అంటూనే, పిల్ల తల మీదుగా ఆ తల్లి కళ్ళలోకి చూస్తూ, తల అడ్డంగా ఊపింది. వద్దు. నన్ను పిలవొద్దు.

"అబద్ధం!" బుడంకాయ కీచుమంది. "అక్కే! మా అక్కే! ఈమె ఎవరో నాకు తెలీదు!"

ఆ తల్లి నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా ఎన్ని గేట్ల దగ్గర నిలబడిందో, ఎన్ని బల్లల ముందు ఎంతమందిని విడదీయగా చూసిందో ఆమెకే తెలియాలి. కూతురి ముఖం చూసింది. గింజుకుంటున్న పిల్లను చూసింది. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, బుడంకాయ జడ చేతిలోకి తీసుకుంది. వేళ్ళతో చివరిదాకా తడిమి, లోపలికి దోపిన ముడి దగ్గర ఆగింది.

"ఈ జడ ఎవరు వేశారమ్మా?"

"మా అక్క," అంది బుడంకాయ వెక్కుతూ. "రోజూ లాగి లాగి వేస్తుంది."

"అక్కే కదా," అంది ఆ తల్లి. కళ్ళనుంచి ధారగా కారుతున్న నీళ్ళు తుడుచుకోకుండానే లేచి, ఒక చేత్తో చిన్నదాన్ని దగ్గరికి తీసుకుని, రెండో చెయ్యి పెద్దదాని వైపు చాచింది. "అయ్యా, ఇద్దరూ నా పిల్లలే."

పెద్దక్క ఇక నిలబడలేకపోయింది. తలుపు పట్టుకుని కూలబడి, అమ్మా అనే మాట నోట్లోనే నొక్కుకుంటూ ఏడ్చింది.

ఆఫీసరు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఒకసారి తల్లిని, ఒకసారి పెద్దక్కను చూశాడు. చెడ్డవాడేమీ కాదు. కానీ రేపు ఇంకెవరి పిల్లనో ఇంకెవరో ఎత్తుకుపోతే, అడిగేది ఆయన్నే.

"అమ్మా, ఒక్కగానొక్క కూతురని మీరే అన్నారు. ఇప్పుడు ఇద్దరంటున్నారు. ఈ అమ్మాయేమో తనకు సంబంధమే లేదంటోంది. నేను ఏది నమ్మాలి?" అని, కుర్చీని పక్కకు తిప్పాడు. "మేడం, ఏడాదిగా వీళ్ళను దగ్గరుండి చూసినవారు మీరు. మీ నివేదిక చదివాను. ఒక్క మాట కూడా కల్పించి రాయరని మీ మీద నాకు గురి. మీరే చెప్పండి. ఈవిడ కన్నబిడ్డ ఎవరు?"

గదిలో అందరూ ఇటే తిరిగారు. తలుపు దగ్గర కూలబడ్డ పిల్ల తలెత్తింది. ఆ తల్లి చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉంది. వార్డెనమ్మ సైతం నోరు మూసుకుంది.

అడిగితేనే చెబుతానని ప్రశ్నల అత్త ఇందాక మాటిచ్చింది. ఇప్పుడు అడిగారు. నిజం చెబితే చిన్నది పోతుంది. అబద్ధం చెబితే ఇన్నేళ్ళ చదువూ, రాసిన ప్రతి అక్షరమూ అబద్ధమవుతుంది. బల్ల మీద ఆ తల్లి ముట్టని మంచినీళ్ళ గ్లాసు ఉంటే తీసుకుని గటగటా తాగింది.

బుడంకాయ ఏడుపు ఆపి, చేతి వెనకతో ముక్కు తుడుచుకుని, ఆమె వైపు నమ్మకంగా చూసింది.

"చెప్పత్తా! నీకన్నీ తెలుసుగా!"